సిమెంటు కొబ్బరిచెట్టు

పోయిన డిసెంబర్లో మా టీమ్ అవుటింగ్ సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో పెట్టారు. పులికాట్‌కి దగ్గర్లోనే. పేరు అనవసరం. గేటు దాటగానే పదిహేనడుగుల సిమెంటు కొబ్బరిచెట్టు. మానుకి గోధుమరంగు ఎనామిల్ పెయింటు, ఆకులకి చిలకపచ్చ, గెలలో ఆరు కాయలు, ఒక్కో కాయలో ఒక్కో బల్బు. దాని వెనక నిజం కొబ్బరిచెట్లు ఓ యాభై ఉన్నాయి. వాటికి బల్బులు లేవు కాబట్టి వాటి దగ్గర ఎవరూ ఫోటో దిగలేదు.

రాత్రికి 'హవాయియన్ నైట్' అన్నారు. అందరి మెడల్లో ప్లాస్టిక్ పూలదండలు. మా మేనేజర్ నడుముకి గడ్డి పావడా. స్విమ్మింగ్ పూల్ చుట్టూ పళ్ళికిలిస్తున్న చెక్క మొహాలు, దగ్గరికెళ్ళి తడితే ఫైబర్, కళ్ళల్లో ఎర్ర ఎల్‌ఈడీలు. కాటేజీలన్నీ గుడిసెల్లా కట్టి, పైన ప్లాస్టిక్ తాటాకు కప్పారు. డీజే మాత్రం రాత్రి పన్నెండు దాకా తెలుగు మాస్ పాటలే వేశాడు.

నేనేం చేశానంటే, ఆ చెట్టు ఫోటో తీసి సాహిత్యం మిత్రుల గ్రూపులో పెట్టాను. కింద 'మన తీరానికి పట్టిన కిచ్' అని రాశాను. పన్నెండు నవ్వు బొమ్మలు వచ్చాయి. ఒకాయన కుందేరా పేరెత్తాడు. ఇంకొకాయన తెలుగువాళ్ళకి సౌందర్యదృష్టి ఎందుకు లేదో ఒక పెద్ద పేరా రాశాడు. మూడో ఆయన ఇదంతా గ్లోబలైజేషన్ అన్నాడు, ఆయన దేనికైనా అదే అంటాడు. నాకు భలే సంతోషం వేసింది. ఈ వ్యాసం ఆ సంతోషానికి వ్యతిరేకంగా రాస్తున్నది.

ముందు ఆ మొహాల సంగతి. వాటిని టికీ అంటారు. మావోరీల కథల్లో టికీ మొదటి మనిషి. పాలినీషియా దీవుల్లో చాలాచోట్ల దేవతలకీ పూర్వీకులకీ చెక్కిన బొమ్మలకి అదే పేరు. అవి కాక్‌టెయిల్ గ్లాసుల మీదికి ఎక్కింది అమెరికాలో. 1933లో అక్కడ మద్యనిషేధం ఎత్తేశాక, ఎర్నెస్ట్ గాంట్ అనే ఆయన హాలీవుడ్‌లో ఒక చిన్న బారు తెరిచాడు. వెదురు, వలలు, తెప్ప ముక్కలు, రమ్ము. తర్వాత పేరే డాన్ బీచ్ అని మార్చేసుకున్నాడు. ఓక్‌లాండ్‌లో విక్టర్ బెర్జరాన్ ఇంకొకాయన, ట్రేడర్ విక్ అని ప్రసిద్ధి. చిన్నప్పుడు ఎముకల క్షయతో కాలు పోయింది ఆయనకి. కస్టమర్లకి మాత్రం సొరచేప కొరికిందని చెప్పేవాడట. ఆ వ్యాపారం మొత్తానికి ఇంతకంటే మంచి పరిచయవాక్యం నాకు దొరకలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది అమెరికన్ కుర్రాళ్ళు పసిఫిక్ దీవుల్లో పోరాడి ఇంటికొచ్చారు. 1947లో మిచెనర్ దక్షిణ పసిఫిక్ కథలు రాశాడు, మర్నాటి ఏడు పులిట్జర్ వచ్చింది, 1949లో అది బ్రాడ్‌వే మ్యూజికల్ అయింది. 1947లోనే థార్ హెయర్‌డాల్ కాన్-టికీ అనే తెప్ప మీద పసిఫిక్ దాటాడు. 1959లో హవాయి రాష్ట్రమైంది. కార్లు పెరిగాయి, హైవేలు పెరిగాయి, వాటి పక్కన మోటెళ్ళు పెరిగాయి. ప్రతి సముద్రతీరంలోనూ ఏ.ఫ్రేమ్ కప్పులు, దివిటీలు, టికీ మొహాలు, 'అలోహా' బోర్డులు. న్యూజెర్సీలో వైల్డ్‌వుడ్ అనే ఊరుంది. చలికాలంలో మంచు పడే ఊరు. అక్కడి మోటెళ్ళవాళ్ళు తోటల్లో ప్లాస్టిక్ పామ్ చెట్లు పాతారు, ఎందుకంటే నిజం చెట్టు ఆ చలికి బతకదు. 1950ల చివర్లో కట్టిన కరీబియన్ మోటెల్ అనేదాన్ని 2005లో అమెరికా చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కించారు. ఒకప్పుడు పెద్దమనుషులు ముక్కు మూసుకున్న ఆ వీధుల్లో ఇప్పుడు వాళ్ళ మనవలు కెమెరాలు పట్టుకుని తిరుగుతున్నారు. మన సిమెంటు చెట్టుకి కూడా ఆ రోజు వస్తుంది. ఇప్పుడు నవ్విన మన పన్నెండుమందిమే, జుట్టు నెరిశాక, దాని ఫోటోలతో కాఫీ టేబుల్ బుక్కు వేస్తాం.

అందుకే 'కిచ్' అన్న మాటతో నాకు పేచీ. ఆ మాట మ్యూనిక్‌లో బొమ్మల వ్యాపారుల దగ్గర పుట్టింది, చవకగా త్వరగా అమ్ముడుపోయే సరుకు అనే అర్థంలో. 1939లో గ్రీన్‌బర్గ్ తన వ్యాసంతో దాన్ని సిద్ధాంతం చేశాడు. మనం దాన్ని దిగుమతి చేసుకున్న పద్ధతీ, రిసార్టువాడు ఫైబర్ మొహాన్ని దిగుమతి చేసుకున్న పద్ధతీ ఒక్కటే. వాడు మొహం కళ్ళల్లో బల్బు పెట్టాడు, మనం మాట పక్కన కుందేరాని పెట్టాం. 'నకిలీ' అని తేల్చేస్తే విమర్శ అయిపోయినట్టేనా? వైల్డ్‌వుడ్‌కి వచ్చింది ఎవరు? ఫిలడెల్ఫియాలో ఫ్యాక్టరీల్లో పనిచేసి, ఏడాదికి ఒక్క వారం సెలవు దొరికే కుటుంబాలు. హవాయికి విమానం టికెట్ కొనలేరు, కాబట్టి హవాయి బొమ్మ దగ్గర నాలుగు రోజులున్నారు. అందులో మోసపోయినవాడెవడూ లేడు. ప్లాస్టిక్ చెట్టుని చూసి ప్లాస్టిక్ అని తెలియనివాడెవడు? తెలిసీ సంతోషపడ్డారు. తెలియడమూ సంతోషమూ ఒకేసారి కుదురుతాయని మన విమర్శకులకి ఎవరు చెప్తారు?

ఈ తీరంలో పెరిగినవాణ్ణి నేను. మాది సూళ్ళూరుపేట. ఆదివారం మధ్యాహ్నం ఆటోలో ఏడుగురు ఎక్కి బీచికి పోయే కుటుంబాలు ఏ సిమెంటు డాల్ఫిన్ పక్కన ఫోటో దిగుతాయో నాకు తెలుసు, మేమూ దిగాం. చెన్నై ఈసీఆర్‌లో వీజీపీ గోల్డెన్ బీచ్ గేటు దగ్గర కదలకుండా నిలబడే మనిషి ఉండేవాడు, నవ్విస్తే బహుమతి అని చెప్పుకునేవాళ్ళు. మా నాన్న ఒకసారి పావుగంట కోతిచేష్టలు చేశాడు ఆయన ముందు. బ్యాంకులో క్యాషియర్‌గా రోజంతా మొహం బిగించుకుని కూచునే మా నాన్న! ఆ పావుగంటని ఏ సౌందర్యశాస్త్రం ప్రకారం కొట్టేయమంటారు?

ఇంకో సంగతి. ఆ సిమెంటు చెట్టుని కట్టడం మీరెవరైనా చూశారా? ముందు ఇనప కడ్డీలతో అస్థిపంజరం వంచుతారు. దానికి కోడి మెష్ చుడతారు. దానిమీద సిమెంటు ముద్ద, తడి ఆరకముందే దువ్వెనలాంటి రేకుతో మానుకి గీతలు. ఆకులు విడిగా చేసి పైన అతుకుతారు, బరువు ఒకవైపు లాగకుండా ఎదురెదురుగా. ఈ పని చేసేవాళ్ళు చాలావరకు గుడి గోపురాల మీద బొమ్మలు చేసే మేస్త్రీలే. ఆ చేతులే ద్వారపాలకుణ్ణి చేస్తాయి, ఆ చేతులే డాల్ఫిన్‌నీ చేస్తాయి. గోపురం మీద ఉంటే సంప్రదాయం, గేటు పక్కన ఉంటే కిచ్. సముద్రపు గాలికి ఉప్పు లోపలికి దిగి కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి సిమెంటు పెచ్చులూడుతుంది. ఐదారేళ్ళకి ఒకసారి మేస్త్రీ మళ్ళీ రావాలి. వచ్చి మళ్ళీ అంతే శ్రద్ధగా గీతలు గీస్తాడు. నేను రాసిన ఏ కోడ్‌నీ ఐదేళ్ళ తర్వాత అంత శ్రద్ధగా ఎవరూ బాగుచేయలేదు, నాతో సహా.

కాబట్టి చెట్టుకి నా క్షమాపణ. ఇక్కడితో ఆగితే ఈ వ్యాసం హాయిగా 'రెట్రో' ప్రేమికుల గూటికి చేరిపోతుంది. వాళ్ళతో నా గొడవ ఇంకా పెద్దది.

టికీ బార్లు కళకళలాడిన ఆ ఏళ్ళలోనే పసిఫిక్ దీవుల్లో ఏం జరుగుతోందో చూడండి. 1946లో అమెరికా నౌకాదళం బికినీ దీవివాళ్ళు 167 మందిని ఇంకో దీవికి తరలించింది. తాత్కాలికమే అన్నారు. 1958 దాకా బికినీలో 23 అణుపరీక్షలు చేశారు. 1954 మార్చి 1న పేల్చిన బాంబు బూడిద పక్క దీవుల జనం మీద పడింది. ఆ దీవి పేరు ప్రపంచానికి ఒక ఈతబట్టగా తెలుసు. మొదటి పరీక్షలు జరిగిన ఆ జూలైలోనే ఒక ఫ్రెంచి డిజైనర్ దానికి ఆ పేరు పెట్టాడు. భూగోళం పుస్తకం ప్రకారం బికినీ మైక్రోనేషియా కిందికి వస్తుంది. సరే, అసలు పాలినీషియాకే పోదాం. మురురోవా, ఫంగటౌఫా దీవుల్లో ఫ్రాన్స్ 1966 నుంచి 1996 దాకా 193 పరీక్షలు చేసింది. హవాయి సంగతి మరీ పాతది, 1893లో అక్కడి రాణిని అమెరికన్ వ్యాపారులు దించేశారు, 1898లో కలిపేసుకున్నారు. దేవుడి బొమ్మ గ్లాసు మీద, దేవుడి దీవి బాంబు కింద. మిషనరీలు అడుగుపెట్టాక చాలాచోట్ల ఆ చెక్క దేవుళ్ళని తగలబెట్టించారు, మిగిలినవి మ్యూజియాలకి పోయాయి, అచ్చుబొమ్మలు బార్లకి పోయాయి.

మా ఊళ్ళో చెంగాలమ్మ గుడి ఉంది. రాత్రి కూడా తలుపులు మూయరు ఆ గుడికి. రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో ఛైర్మన్లు వచ్చి దణ్ణం పెట్టుకుని పోయే గుడి. రేపు మియామీలో ఎవడో 'ఆంధ్రా నైట్' అని చెంగాలమ్మ మొహాన్ని ఫైబర్‌లో పోసి, కళ్ళల్లో ఎర్ర బల్బులు పెట్టి, స్విమ్మింగ్ పూల్ గట్టుమీద నిలబెడితే, 'రెట్రో' అంటారా? ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. నేనూ ఉంటాను.

మనకీ ఆ దీవులకీ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ పోయినవాళ్ళు వేలమంది. అందులో అరవవాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎక్కువమందిని పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఆ జిల్లాలోదే. 'అగ్రిమెంట్' అనే మాట నోరు తిరక్క గిర్మిట్ అయింది. ఐదేళ్ళ గిర్మిట్, చెరకు తోటల్లో కూలి, ఉండడానికి కూలీ లైన్లు అనే ఇరుకు గదుల వరస. అంటే మన తాతలకి దక్షిణ పసిఫిక్‌లో దొరికిన బీచ్ కాటేజీ అది. ఫిజీలో ఇప్పటికీ దక్షిణాది సంఘం నడిపే బడులున్నాయి, ఆ సంఘం పుట్టింది 1926లో. 'హవాయియన్ నైట్'లో గడ్డి పావడా కట్టుకుని ఎగురుతున్న మా టీములో ఈ ముక్క ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు అప్పటికి. ఇంటికొచ్చి చదివాను. మనకి నిజంగా ఒక పసిఫిక్ ఉండగా అద్దె పసిఫిక్ ఎందుకు తెచ్చుకున్నాం?

ఇక శ్రీహరికోట.

ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ పాలినీషియన్ హోటల్ 1971 అక్టోబర్ 1న తెరిచారు. అక్కణ్ణుంచి గంటన్నర కారు ప్రయాణం దూరంలో కేప్ కెనావరల్, చంద్రుడికి మనుషుల్ని పంపిన చోటు. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్, రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్, లేచింది 1971 అక్టోబర్ 9న. ఎనిమిది రోజుల తేడా. కాకతాళీయమే, కానీ నాకు ఇందులో ఒక పోలిక కనిపిస్తుంది. రాకెట్‌కి కావలసిందీ బీచ్ మోటెల్‌కి కావలసిందీ ఒకటే: తూర్పున ఖాళీ సముద్రం, మనుషులు తక్కువ ఉన్న నేల. భూమి పడమటి నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పుకి ఎగరేస్తే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. విడిపోయిన స్టేజీలు సముద్రంలో పడతాయి. భూమధ్యరేఖకి దగ్గరైతే ఇంకా లాభం. పులికాట్‌కీ బంగాళాఖాతానికీ మధ్య పొడుగ్గా పడుకున్న ఈ దీవి అన్నిటికీ సరిపోయింది. 'మనుషులు తక్కువ' అన్నచోటే నా అనుమానం. తక్కువంటే ఎంతమంది? ఎవరు?

యానాదులు. తరాలుగా ఆ అడవిలో ఉన్నవాళ్ళు. దీవి బ్రిటిష్‌వాళ్ళ చేతికొచ్చాక మద్రాసు పొయ్యిలకి కట్టెలు ఇక్కణ్ణుంచే పడవల మీద పోయేవి. ఆ కట్టెలు కొట్టిందీ, తేనె, మూలికలు, దుంపలు ఏరి ఇచ్చిందీ యానాదులు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన కులాల, తెగల సంపుటాల్లో వాళ్ళ గురించి పేజీలకి పేజీలున్నాయి. నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ళకోసం ఏళ్ళ తరబడి తిరిగి, 1962లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. 1960ల చివర్లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు యానాదులు దీవిలోనే మిగిలారు, చాలామంది ఇవతలి ఒడ్డుకొచ్చారు.

నేను రాకెట్‌కి వ్యతిరేకిని కాను. 2001 ఏప్రిల్లో జీఎస్‌ఎల్‌వీ మొదటిసారి లేచినప్పుడు పదేళ్ళవాణ్ణి. మధ్యాహ్నం మిద్దెక్కి చూశాం. ముందు వెలుగు, ఆ తర్వాత ఎప్పటికో చప్పుడు, కిటికీ అద్దాలు గలగల. నేను ఇంజనీరింగ్ చదవడానికి కారణం అదే, పిచ్చిపిచ్చిగా అదే. ఆ చప్పుడుకి ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ చప్పుడు నాదైనట్టే, ఆ నేల ఇంకొకరిది కూడా అని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. మా స్కూల్లో శ్రీహరికోట పాఠం చెప్పిన ప్రతిసారీ అది 'నిర్జన దీవి'. మా క్లాసులోనే, వెనక బెంచీలో, ఆ నిర్జన దీవి నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడు ఉన్నాడు.

ఇప్పుడు ఆ రిసార్టు కాటేజీ చూడండి. వంగి లోపలికి పోవలసినంత కిందికి దిగిన కప్పు, గుండ్రటి గోడ, తాటాకు. బోర్డు మీద 'ట్రైబల్ హట్' అని రాసుంది. లోపల పాలినీషియా ముసుగు, బయట యానాది గుడిసె ఆకారం. ఆ గుడిసె అసలువాడు దాన్ని ఎవరికీ అమ్మలేదు. వాడిదైతే గుడిసె, సర్కారు లెక్కల్లో తీసేయాల్సిన వస్తువు. వీడిదైతే కాటేజీ, రాత్రికి ఏడువేలు, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ. సిమెంటు చెట్టు నకిలీ అని నవ్విన నేను ఈ బోర్డుని ఫోటో తీయలేదు. నాకది బాగానే ఉందనిపించింది! 'రుచి'గా ఉందనిపించింది. మన అభిరుచి ఎక్కడ మేలుకుంటుందో, ఎక్కడ నిద్రపోతుందో గమనించండి. బల్బు వెలిగే కాయని చూసి మేలుకుంది. మట్టిరంగు పూసిన గోడని చూసి పడుకుంది.

ఇందులో కొత్తేం లేదు. హైదరాబాద్‌లో పనిచేసిన నాలుగేళ్ళు మధ్యాహ్నాలు శిల్పారామానికి పోయేవాణ్ణి, హైటెక్ సిటీకి కూతవేటు దూరం. 1992 నుంచి ఉంది. అక్కడి పల్లె మ్యూజియంలో కుమ్మరి బొమ్మ, సాలెవాడి బొమ్మ, వడ్లు దంచే ఆడమనిషి బొమ్మ, నిలువెత్తువి. బొమ్మ కుమ్మరి ముందు నిలబడి ఐటీ కుర్రాళ్ళు పిల్లలకి 'చూడు, మన కల్చర్' అని చూపిస్తుంటారు. గేటు బయట నిజం కుమ్మరి కుండలు పెట్టుకుని కూచుంటే బేరమాడతారు. హైవే మీద పల్లె పేరు పెట్టుకున్న హోటళ్ళన్నీ దీని పిల్లలే. సిమెంటు ఎద్దు, సిమెంటు బావి, గిలక, లాంతరు, పంచె కట్టిన వెయిటరు. తెలుగు మధ్యతరగతి టికీ బారు పేరు పల్లె. హవాయి అమెరికావాడికి దూరం. మన పల్లె మనకి అంతకన్నా దూరమైపోయింది, అందుకే అది డెకరేషన్‌కి పనికొస్తోంది.

ఇక్కడ సాహిత్యం మిత్రులు తలూపుతున్నారు, నాకు తెలుసు. ఆగండి, మీ వంతే.

మన కథల్లో పల్లె ఏం చేస్తోంది? కొత్త కథల సంపుటాల అట్టలు వరసగా పెట్టి చూడండి. లాంతరు, గుడిసె, ఎద్దులబండి, ఒంటరి తాటిచెట్టు. హోటల్‌వాడు వాడే సామానుకీ మనం వాడే సామానుకీ తేడా ఎక్కడుందో చూపించండి. సమీక్ష రాసేవాడు 'మట్టి వాసన' అంటాడు. ఏ మట్టి? పులికాట్ మట్టి ఉప్పుమట్టి, ఎండితే తెల్లగా పేలుతుంది, తడిస్తే కుళ్ళిన చేపవాసన. అలాంటి వాసనని ఏ సమీక్షలోనూ చదవలేదు. మాండలికం కూడా అంతే. కథ మొత్తం హైదరాబాద్ ఫ్లాట్‌లో ఆలోచించి, సంభాషణల్లో మాత్రం 'వచ్చినాడు', 'పోయినాడు', 'ఏందిరా' అని అతికిస్తారు, మేస్త్రీ చెట్టుకి ఆకులు అతికినట్టు. మేస్త్రీ నయం, బరువు లెక్కేస్తాడు.

ఎవరో రాసినదాన్ని పట్టుకుని తిట్టను, నా దగ్గరే సరుకుంది. ఆరేళ్ళ కిందట నేనొక కథ రాశాను. అందులో ఒక యానాది ముసలాయన పొలం గట్టు మీద కుండతో పొగపెట్టి ఎలకలు పడతాడు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడికి జీవితం గురించి ఒక వాక్యం చెప్తాడు. కుర్రాడు మారిపోతాడు. అంతే కథ. చాలామంది మెచ్చుకున్నారు, మట్టి వాసన వచ్చిందన్నారు. అప్పటికి నేను ఒక్క యానాది ఇంట్లోనూ అడుగుపెట్టలేదు. వెనక బెంచీ పిల్లాడింటికి కూడా. ఆ ముసలాయన నా కథలో నిలబడ్డ ఫైబర్ మొహం. కళ్ళల్లో బల్బు పెట్టింది నేను.

అలా కాకుండా రాయొచ్చా అంటే, చిత్తూరు జిల్లావాడే రాసి చూపించాడు. డాక్టర్ కేశవరెడ్డి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూ నవలలు రాసి, 2015లో పోయారు. యానాదుల మీద ఆయన రాసిన నవల పేరు 'చివరి గుడిసె'. ఆ గుడిసె ముందు ఫోటో దిగలేం. అది ఎవరి నేల, ఎవరు కూలుస్తారు, ఎందుకు అన్న ప్రశ్నలు దాని చుట్టూ కాపలా ఉంటాయి. నామిని రాసిన పల్లె కూడా అంతే, మనల్ని అతిథిలా కూచోబెట్టి మర్యాద చేయదు. అట్ట మీద గుడిసె ఉంటే టికీ అనడం లేదు నేను. ఆ గుడిసెవాడు కథలోకి వచ్చి రేటు అడగగలడా లేదా అన్నదే నా ప్రశ్న. నా కథలో అడగలేడు. జీవితం గురించి వాక్యం చెప్పి పక్కకి తప్పుకున్నాడు.

'మరి ఏం రాయకూడదా? పట్నంవాడు పల్లె గురించి, అగ్రకులంవాడు యానాది గురించి నోరు మూసుకోవాలా?' అని గ్రూపులో ఒకాయన అడిగాడు, ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి. రాయండి బాబూ. కేశవరెడ్డీ యానాది కాదు. కానీ రాసేముందు ఒకసారి ఆ ఇంటికి పోయి, నీళ్ళడిగి తాగి, పైన కప్పు దేంతో వేశారో తలెత్తి చూడండి. నాకు ఆ మాత్రం కూడా తోచలేదు.

రిసార్టులో రెండో రోజు పొద్దున్నే, అందరూ హ్యాంగోవర్లో ఉండగా, తోటపని చేసే పెద్దాయనతో కూచున్నాను. అరవై దాటుంటాయి. వాళ్ళ అమ్మానాన్నలది దీవేనట. నాలో కథకుడు వెంటనే చెవులు నిక్కబొడుచుకున్నాడు, సిగ్గుపడే చెప్తున్నాను.

"ఈ ప్లాస్టిక్ తాటాకు మీకెట్టా అనిపిస్తది తాతా?" అన్నాను, ఏదో లోతైన జవాబు ఆశించి.

"కారదు సామీ. అదొకటి నయం. అసలు తాటాకయితే మూడేళ్ళకొకసారి మార్చాల. కూలోళ్ళు యాడ దొరుకుతారు ఇప్పుడు?"

"లోపల చల్లగా ఉంటదా?"

"యాడ చల్లంగ! ఏసీ లేకుంటే కూచోలేరు."

"మీ ఇల్లు?"

"కాలనీ ఇల్లు సామీ. స్లాబు." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది.

"గుడిసెలో ఉండాలని అనిపించదా ఎప్పుడూ?"

ఆయన నా మొహంకేసి చూశాడు, నేను తాగిన మత్తు దిగలేదేమోనన్నట్టు. "గుడిసెలో ఎవురుంటారు సామీ. వానొస్తే పాములు. మా అమ్మ ముగ్గురు పిల్లోళ్ళని పెట్టుకోని తెల్లార్లూ కూచోనుండేది."

కాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన పైపు పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెట్టాడు. ఫైబర్ మొహాల దగ్గరికొచ్చాక వాటి మీద దుమ్ము కడిగాడు.

"ఈ బొమ్మలేంది సామీ? దిష్టిబొమ్మలా?"

"దేవుళ్ళు తాతా. వేరే దేశం వాళ్ళవి."

ఆయన పైపు పక్కకి తిప్పేశాడు. "దేవుడయితే ఈడ పెట్టినారేంది, తాగేకాడ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మేనేజర్‌ని అడిగాడో లేదో తెలీదు, అడగడనే అనుకుంటున్నా.

ఆ బోర్డు గురించి, అదే 'ట్రైబల్ హట్', అడుగుదామా వద్దా అని తటపటాయించాను. చదవడం వచ్చా అని అడిగినట్టవుతుందేమో. ఆయనే అందుకున్నాడు. "మా మనవరాలు చదివి చెప్పింది, మా గుడిసనే ఇట్టా రాసినారంట గదా. ఏడువేలంట రోజుకి." కాసేపాగి, "మాకేమన్నా ఇస్తారా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన ఊరికే అన్న మాటే అయినా, ఈ వ్యాసమంతా కలిపి నేను అడగలేకపోయిన ప్రశ్న అదే.

చెట్టు గురించి మాత్రం ఆయనకి కంప్లైంట్ లేదు. "అది బాగుంది గదా సామీ," అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, గాలరీలో చాలాసేపు వెతికి, నాకు చూపించాడు. స్కూలు యూనిఫాంలో ఎనిమిదేళ్ళ పిల్ల, రెండు చేతులతో సిమెంటు మానుని వాటేసుకుని నిలబడింది. సాయంత్రం తీసినట్టున్నాడు. తలపైన ఆరు కాయలూ వెలుగుతున్నాయి.